అమ్మలో కరెంటు

అమ్మ గుండె మరీ బద్ధకిస్తోంది, పేస్‌మేకర్ పెట్టాల్సిందేనని డాక్టరు చెప్పినప్పటినుంచీ ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ హడావిడి చేసింది పేషెంటే. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తకూడదన్నారని, ముందుగానే దాన్ని తువ్వాలుతో నడుముకి కట్టేసుకుని, ఒంటి చేత్తో కూతురికి జడ వేయడం ప్రాక్టీసు చేసింది. జడ చెవి మీదుగా ముక్కు దాకా వచ్చింది. కూతురు అద్దంలో చూసుకుని గగ్గోలు పెట్టింది.

అసలు చిక్కంతా ఆ కూతురితోనే. బడినుంచి రాగానే అమ్మ ఎడమ భుజమ్మీదికి ఎగబాకడం దానికి అలవాటు. "దానికి నేను నచ్చజెబుతాలే" అని ఎలక్ట్రీషియన్ నాన్న భరోసా ఇచ్చాడు. ఇచ్చినవాడు ఊరుకోక, "అమ్మ ఛాతీలో బ్యాటరీ పెడతారు తల్లీ. ముట్టుకున్నావో, షాకే!" అన్నాడు. వైర్లతో తప్ప మనుషులతో మాట్లాడటం రాని మనిషి మరి.

ఆపరేషన్ సాఫీగా అయింది. అమ్మ ఇంటికొచ్చింది. కూతురు మాత్రం గది గడప దగ్గరే ఆగిపోయింది. అమ్మ మంచినీళ్లడిగితే, నాన్నవి రబ్బరు చెప్పులు తొడుక్కుని వచ్చి, గ్లాసు స్టూలు మీద పెట్టి, చీపురుకర్రతో స్టూలుని మంచం వైపు నెట్టింది. మొదట అమ్మకి నవ్వాగలేదు. రెండు రోజులు గడిచేసరికి ఏడుపొచ్చింది. కుట్ల సలుపు ఎలాగో ఓర్చుకుంది గానీ, పిల్ల దగ్గరికి రాకపోవడం ఓర్చుకోలేకపోయింది.

"నువ్వు పెట్టిన చిచ్చు, నువ్వే ఆర్పు" అని మొగుణ్ణి కసిరింది. ఆయన బుర్ర గోక్కుని, తన టెస్టర్ తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

"కరెంటుంటే ఇందులో లైటు వెలుగుతుంది. అమ్మకి ఆనించి నువ్వే చూసుకో."

పిల్ల పిల్లిలా వచ్చి, దుప్పట్లోంచి బయటపడ్డ అమ్మ బొటనవేలికి టెస్టర్ ఆనించింది. లైటు వెలగలేదు. చీలమండకి ఆనించింది. మోకాలికి ఆనించింది. ఎక్కడా వెలగలేదు. ఇక వచ్చి మీద పడుతుందని అమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

పిల్ల టెస్టర్ కింద పడేసింది. "నాన్నా! అమ్మలో కరెంటు లేదు! ఆగిపోయింది!" అని ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకుంది.

అమ్మ కుడి చేత్తో పిల్లని దగ్గరికి లాక్కుని, గాయం తగలకుండా దాని చెవిని ఛాతీకి ఆనించుకుంది. "విను" అంది. పిల్ల వెక్కుతూనే చాలాసేపు వింది.

"నువ్వు ఆగిపోయావనుకున్నా."

ఆపరేషన్ బల్ల మీద కూడా నర్సుని నవ్వించిన మనిషికి ఇప్పుడు ఒక్క జోకూ తోచలేదు. "నాకూ అదే భయం, బంగారం. చాలా భయపడ్డాను" అంది.

పిల్ల ముక్కు తుడుచుకుని, ఇంకాస్త దగ్గరికి జరిగి, గుసగుసగా చెప్పింది. "మళ్లీ భయమేస్తే నాకు చెప్పు. నాన్నకి చెప్పకు, ఆయనకేమీ తెలీదు."