పళ్ళెం ముక్క

గేర్‌బాక్సు విప్పినప్పుడల్లా అంతకుముందు దాన్ని బిగించిన మెకానిక్‌ను నాలుగు తిట్లు తిట్టందే నాకు పని సాగదు. కారేపల్లిలో నా నోరు అందరికీ తెలుసు. ఆ పొద్దు మాత్రం తిట్టడానికి ఎవడూ లేడు. బిగించింది నేనే.

అది జీపు గేర్‌బాక్సు. పాత ఇనుము కొనే హీరాలాల్ తెచ్చి పడేశాడు. భద్రాచలం అడవిలో, ఘాట్‌రోడ్డు కింద వాగులో దొరికిందట, కట్టెలకు పోయినవాళ్ళు జీపును ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చారట. పనికొచ్చేవి ఏరుకుందామని మూత తీశాను. నూనె ఉండాల్సిన చోట వాగు బురద. రెండో గేరు పడి అట్లాగే బిగుసుకుపోయి ఉంది. దిగుడులో వేసే గేరది, అంటే బండి నడుస్తుండగానే వాగులో పడిపోయింది. పళ్ళు అరగని గేర్లు ఒకవైపు, తుప్పు తిన్న బేరింగులు ఒకవైపు వేస్తుంటే షాఫ్టు చివర ఇత్తడి రింగు కనబడింది. కిరసనాయిల్లో కడిగి తిప్పి చూశాను. చుక్కలతో చెక్కిన అక్షరాలు, ‘ళావ’. అది నేను కోసిన రింగే.

రెండువేల నాలుగులో, మా ఊళ్ళో కిరాయికి జీపు నడిపే వీరబాబు బండికి గేరు జారుతుంటే, సందు పూడ్చే వాషర్ ఖమ్మంలో కూడా దొరకలేదు. ఆగే రకమా వాడు? ఇంటికి పోయి, పెళ్ళాం కళావతి పేరు చెక్కిన పుట్టింటి ఇత్తడి పళ్ళెం తెచ్చి, దీన్ని కొయ్యమన్నాడు. నడిమిలోంచి రింగు కోశాను. వెనకాలే ఆమె వచ్చి ఇద్దరినీ దులిపేసింది. కొత్త వాషర్ రాగానే ముక్క ఊడదీసి నీ చేతిలో పెడతానని వాడు ఒట్టేశాడు. మరుసటి ఏడు కిరాయికని భద్రాచలం వైపు పోయి, జీపుతో సహా మాయమయ్యాడు.

అప్పటినుంచి ప్రతి అంగడి రోజూ కళావతి నా షెడ్డుకొచ్చి, డ్రైవర్లెవరైనా ఆయన్ను చూశారా అని అడుగుతుంది. దినాలు చేద్దామని అత్త గురవమ్మ ఎంత ఏడ్చినా వినలేదు. జీపు దొరకలేదంటే మనిషి ఎక్కడో నడుపుతూనే ఉన్నాడని ఆమె నమ్మకం. దాని మీదే బతుకుతోంది.

ఆ రోజూ అంగడే. సంచీ పట్టుకొని వచ్చి నిలబడింది. నాకు తిట్టడం వచ్చుగానీ అబద్ధమాడడం రాదు. రింగు ఆమె చేతిలో పెట్టాను. అక్షరాలను వేలితో తడుముతుంటే వాగు, బురద, రెండో గేరు అన్నీ చెప్పాను. ఆమె ముఖం చూడలేక, ఏమో, జీపు ఎవరికైనా అమ్ముకున్నాడేమో అని కూడా అన్నాను.

“అమ్మితే ఇది ఊడదీసి తెచ్చేటోడు గదన్నా. నాకు ఒట్టేసిండు” అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం రింగు కొంగున ముడేసుకొని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ పళ్ళెం పట్టుకొని వచ్చింది. బొక్కలో రింగు పెట్టి చూపించింది. ‘క’ పక్కన ‘ళావ’, దాని పక్కన ‘తి’ కూర్చున్నాయి. అతికియ్యమంది. అతికినా షాఫ్టు దూరిన చోట చిల్లు ఉండనే ఉంటుందని చెప్పాను.

“ఉండనియ్. అండ్ల ఆకేసి, దినాలకు ఆయనకు బువ్వ పెడ్త” అంది. రింగు నా చేతిలో పెట్టి, “తెస్తనన్నది తెచ్చిండు గదన్నా” అంది.