చిటికెన వేలే కదా!

"చిటికెన వేలే కదా! బొటనవేలైతే బాధపడాలి గానీ," అన్నాడు భర్త, తాగిన టీ కప్పును తాగిన చోటే వదిలేసి లేస్తూ.

ఆమె వంటింటి గట్టు తుడిచిన గుడ్డ పిండుతోంది. పిండుతోంది అనడం కూడా గొప్పే. ఎడమచేతి చిటికెన వేలు కట్టులో బిర్రబిగుసుకుని నిలబడింది, గుడ్డ మెలి తిరగడం లేదు, నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. ఇన్నేళ్ళూ గుడ్డ పిండుతున్నది తన బలమైన వేళ్ళే అనుకుంది. కాదట! చివర్న ఊరికే నిలబడ్డట్టుండే ఈ బుల్లిదే గుడ్డను ఒడిసిపట్టుకునేదట, మిగతావి దాని ధైర్యం మీద తిరిగేవట. ఓసి నీ దుంప తెగ, ఇంత పని చేస్తూ ఒక్కనాడైనా నోరు విప్పలేదేమే అని ముక్కున వేలేసుకుంది. మంచి చేతి వేలే వేసుకుంది లెండి.

ఆమె ఒక పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లు మడుస్తుంది. అక్కడ అందరూ మడతలక్క అని పిలుస్తారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో అంచూ పట్టుకుని, ఒక్కసారి దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలుపుకుని మళ్ళీ వెనక్కి నడవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే నడక. తడి దుప్పట్లు మోసే బండికి బ్రేకు పట్టడం లేదని అందరూ సూపర్‌వైజరుకు చెబుతూనే ఉన్నారు. "చేయిద్దాం, చేయిద్దాం" అంటూనే ఉన్నాడాయన. నిన్న ఆ బండి వాలులో జారి వచ్చి ఆమె చేతిని గోడకేసి అదిమింది. సూపర్‌వైజరు పరాయివాడైతే కథ వేరేలా ఉండేది. ఆయన స్వయానా ఆడపడుచు భర్త. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

ఆయనే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా "ఏం కాదు చెల్లెమ్మా" అంటూనే ఉన్నాడు. అక్కడ డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుతున్న అద్దం మీద పెట్టింది. ఆమె కళ్ళప్పగించి చూసింది. ఇది నా చెయ్యా? అంట్లతో, సబ్బునీళ్ళతో గరుకెక్కిన ఈ చెయ్యి లోపల ఇంత తెల్లగా, ఇంత పొందికగా ఉంటుందా? మణికట్టు దగ్గర గులకరాళ్ళు పేర్చినట్టు ఎన్ని ముక్కలో! ఒక్కటీ ఇంకోదాన్ని తోసేయకుండా ఎంత సర్దుకుని కూర్చున్నాయో! పుట్టినప్పటి నుంచీ మోసుకు తిరుగుతూ ఒక్కసారీ చూసుకోలేదు కదా అనుకుంటే కళ్ళు చెమర్చాయి. నొప్పి సంగతే మర్చిపోయింది.

"ఇదిగో, చిటికెన వేల్లో సన్నటి పగులు. వెంట్రుకంతే గానీ, కొన్నాళ్ళు ఈ చేతికి పని చెప్పకూడదు. చెప్పారా, ఇక పిడికిలి సరిగ్గా ముడుచుకోదు," అంది డాక్టరమ్మ. అంతలో ఫిల్ము మీద డాక్టరమ్మ వేలు కాస్త కిందికి జరిగి ఆగింది. "ఇక్కడ ఇంకొకటి ఉందే! పాతది. అప్పుడు కట్టు ఎవరు కట్టారు?"

"ఎవరూ కట్టలేదండీ."

"అయితే దానంతటదే అతుక్కుందన్నమాట. కాస్త వంకరగా అతుక్కుంది పాపం."

దానంతటదే! ఆ మాట దగ్గరే ఆగిపోయింది ఆమె. డాక్టరమ్మ ఇంకా ఏదో చెబుతోంది. పనిలో తగిలిన దెబ్బయితే కాగితం రాసిస్తానని, కంపెనీ పరిహారమూ, జీతంతో సెలవూ ఇవ్వాల్సిందేనని. పక్కనే ఉన్న సూపర్‌వైజరు దగ్గాడు. "ఒకట్రెండు రోజుల్లో వచ్చి చెబుతానండీ," అంది ఆమె.

బస్సులో ఇంటికొస్తూ అందరి చేతులూ చూసింది. టికెట్లు చింపుతున్న కండక్టరు చెయ్యి, కమ్మీ పట్టుకుని నిలబడే కునుకు తీస్తున్న ఒక నర్సు చెయ్యి, పసిదాని వీపు నిమురుతున్న తల్లి చెయ్యి. అన్నింటి లోపలా ఆ తెల్లటి పొందికే! తెలియకుండానే తిరుగుతున్నారే వీళ్ళంతా, లేచి చెప్పేద్దామా అనిపించింది. పిచ్చిదనుకుంటారని ఊరుకుంది గానీ, దిగేదాకా రెప్ప వేయలేదు.

ఇదంతా నిన్నటి సంగతి. ఇవాళ సాయంత్రం సూపర్‌వైజరు పళ్ళ సంచీతో దిగాడు.

"చెల్లెమ్మా, ఇంట్లో తలుపు సందులో పడి నలిగిందని చెప్పెయ్. మందుల ఖర్చు నాది. కంపెనీలో రాశావంటే బ్రేకు సంగతి బయటికొస్తుంది, పైవాళ్ళు నన్ను పీక్కుతింటారు. నీ ఆడపడుచు మొహం చూసైనా..."

"బావ అంతలా అడుగుతున్నాడు. చిన్న దెబ్బకి ఇంత రాద్ధాంతం ఎందుకే? కట్టుతోనే రెండు రోజులు మెల్లగా మడిస్తే సరి," అన్నాడు భర్త.

ఆమెకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. పాత దెబ్బ గుర్తొచ్చింది మరి. అత్తగారు కొత్తగా మంచాన పడిన రోజులవి. స్నానాల గదిలో ఆవిడ జారబోతే ఈమె అడ్డం పడి పట్టుకుంది. ఇద్దరి బరువూ ఈ చేతి మీదే పడింది. "అమ్మకేం కాలేదు, అదృష్టం," అన్నారందరూ. చేతికి గుడ్డ చుట్టుకుని, పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టింది. అమ్మను సరిగ్గా చూసుకోవడం లేదని చెల్లెలు ఎక్కడ దెప్పుతుందోనని, "లాండ్రీలో తగిలించుకొచ్చింది" అని చెప్పాడు భర్త. అప్పుడు ఇంట్లో తగిలింది లాండ్రీలోదైంది. ఇప్పుడు లాండ్రీలో తగిలింది ఇంట్లోదవ్వాలి. రెంటికీ చెడ్డ రేవడంటే ఈ చెయ్యే!

"సరే, ఇంట్లోనే తగిలిందంటాను. ఇల్లు సెలవిస్తుందా?" అని అడిగింది.

"వెటకారమా?" అన్నాడు భర్త.

"కాదండీ. నిజంగానే అడుగుతున్నా."

సూపర్‌వైజరు పళ్ళ సంచీని బల్ల మీద అటునుంచి ఇటు జరిపాడు. గది మూల మంచం మీంచి అత్తగారు చెయ్యి చాపింది. "ఏదీ, ఆస్పత్రి నుంచి తెచ్చిన ఆ చేతి ఫొటో ఇటివ్వు."

ఫిల్మును తలకిందులుగా పట్టుకుని ట్యూబులైటుకేసి ఎత్తింది ముసలావిడ. చాలాసేపు నోరు తెరుచుకుని చూసింది.

"ఇది నీ చెయ్యేనా? ఎంత బావుందే!" అంది. ఆ తర్వాత, "ఇక్కడీ వంకరేంటి?"

"మీరు జారినప్పటిది, అత్తయ్యా."

ఫిల్ము కిందికి దిగింది. "విరిగిందా? విరిగిన చేత్తోనే నాకు అన్నం తినిపించావా?"

ఆమె తలూపింది. అత్తగారు కోడలి కట్టు మీద మెల్లగా చెయ్యి వేసి, తన చేతిని తనే కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంటూ కూర్చుంది. అప్పుడు కోడలు సూపర్‌వైజరు వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఉద్యోగం ఇప్పించారు, మర్చిపోను. అబద్ధం మాత్రం చెప్పలేను. ఆ బ్రేకు బాగు చేయించండి, రేపు ఇంకొకరి చెయ్యి నలుగుతుంది."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆడపడుచు ఇక ఈ గడప తొక్కదని భర్త గొణిగాడు. అది నిజమే కావచ్చని ఆమెకు భయం వేసింది. భయం వేసినా, పొద్దున్నే ఆస్పత్రికి ఒక్కతే బయల్దేరింది.

డాక్టరమ్మ ఫిల్మును మళ్ళీ అద్దం మీద పెట్టింది. ఆ వెలుగులో చెయ్యి మళ్ళీ విచ్చుకుంది. ఆమెకు మళ్ళీ అదే ఆశ్చర్యం, తనివి తీరని ఆశ్చర్యం.

"ఈ కొత్త పగులు ఎక్కడ తగిలింది?" అని అడిగింది డాక్టరమ్మ, కలం తీసి.

"పనిలోనండీ."

రాసుకుంది. "మరి ఈ పాతది? ఇంట్లోనా?"

అవునని తలూపబోయింది ఆమె. అద్దం మీద తన ఎముక వంకరగా, తెల్లగా, ఎవరి సాయమూ లేకుండా అతుక్కుని నిలబడి ఉంది. తల ఆగిపోయింది.

"అదీ పనిలోనేనండీ," అంది.