అన్న పేజీకి ఏడు రోజులు

చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే. అంతర్జాలంలో పదిమందీ కలిసి రాసే విజ్ఞానసర్వస్వంలో అన్న మీద ఉన్న పేజీకి, నెత్తిన ఒక ఎర్ర పట్టీ వెలిసింది: "తగిన ఆధారాలు లేవు. ఏడు రోజుల్లో చూపకపోతే ఈ వ్యాసం తొలగించబడుతుంది. ధన్యవాదాలు." ధన్యవాదాలట! ఎందుకో!

పట్టీని ముందుగా చూసింది చెల్లెలు. ఎక్స్‌రే గదిలో ఉద్యోగం, ఇంట్లో అందరికీ పిచ్చుక. అన్న కంప్యూటర్ మీద బొమ్మలు వేసేవాడు. వాటిని పెట్టిన సైటు మూతపడింది, మరుసటి ఏడు అన్నా పోయాడు. మునిగిన ఊరి మీద గొడుగులు నడిచే బొమ్మ మాత్రం లోకమంతా తిరుగుతోంది, పుస్తకాల అట్టల మీదా, చొక్కాల మీదా. కింద ఎవరి పేరూ ఉండదు. అది అన్న వేసిందని చెప్పేది ఈ ఒక్క పేజీయే.

పట్టీ పెట్టినవాడు అక్కడ 'కత్తెర' అనే పేరుతో రాస్తాడు. మర్యాదస్తుడే. "మూతపడిన సైటు లింకు ఆధారం కాదండీ. అచ్చులో వచ్చిందేదైనా చూపండి," అన్నాడు. ఆ సైటు చిత్రకారులు పదకొండు మందికి ఈ విజ్ఞానసర్వస్వంలో పేజీలుండేవి. రెండో రోజుకి ఆరు మిగిలాయి. నాలుగో రోజుకి మూడు. పిచ్చుకకి అన్నం సయించలేదు. ఎక్స్‌రే బల్ల మీద రోగిని "కదలకండి" అంటూ తనే వణికింది.

ఐదో రోజు బాబాయి పసిగట్టాడు. అమ్మానాన్నలు పోయాక ఇద్దర్నీ పెంచింది ఆయనే.

"ఓసి పిచ్చిమొహమా, ఇంత మాత్రానికే ఏడుస్తావా? మన బలగం లేదూ! తలా ఒక మాట రాస్తే వాడెవడే తీసేసేది?"

"రాయండి బాబాయ్," అంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది.

ఆరో రోజు సాయంత్రం అన్న స్నేహితుడి అటక మీద పాత చిత్రకళా పత్రిక దొరికింది. గొడుగుల బొమ్మ, అన్న పేరు, రెండు పేజీల సమీక్ష! పిచ్చుక దాన్ని గుండెకి హత్తుకుని ఇంటికి పరుగెత్తింది. వచ్చి చూస్తే, పేజీ ఉంచాలా వద్దా అనే చర్చ ముగిసిపోయింది.

మధ్యాహ్నం ఒక్క గంటలో ఇరవై మూడు కొత్త ఖాతాలు, అన్నీ ఈ ఇంటి నెట్ నుంచే, పిచ్చుక రాసేదీ అక్కణ్ణించే. అందరిదీ బాబాయి రాసిచ్చిన ఒకటే వాక్యం: "మా అబ్బాయి బంగారం. పేజీ ఉంచండి." కింద కత్తెర తీర్పు: "దొంగ ఖాతాలతో చర్చను ముంచెత్తారు. గడువుకి ముందే ముగిస్తున్నాం. వ్యాసం తొలగించాం. ఈ పేరుతో మళ్ళీ పేజీ పెట్టకుండా తాళం వేశాం." నిషేధించిన ఖాతాల జాబితాలో మొదటిది పిచ్చుకదే. పత్రిక గురించి చెప్పుకోవడానికి ఇక నోరు కూడా లేదు.

బాబాయి తలుపు తోసుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"మధ్యాహ్నం కునుకు మానుకుని అందరిచేతా రాయించానే! చాలవంటే చెప్పు, మీ అత్త వైపు ఇంకో పన్నెండు మంది ఉన్నారు."

పిచ్చుక పత్రికని దిండు కిందకి తోసింది. అన్న ఆయన ఎత్తుకుని పెంచిన పిల్లవాడు. ఆయన చేత్తోనే వాడి పేరు తుడిచిపోయిందని ఆయనకి ఎన్నటికీ తెలియకూడదు.

"చాలు బాబాయ్," అంది.