మళ్ళీ రుద్దుకుందువులే

“ఈ అస్థిపంజరాన్ని ఇంకెన్నాళ్ళు చూడాలి తల్లీ?” అంది అత్తయ్య, వెనక బాల్కనీలో తడిబట్టలు దులిపి ఆరేస్తూ.

ఆవిడ అస్థిపంజరం అన్నది నా సైకిలు ఫ్రేముని. చక్రాలు, హ్యాండిలు, సీటు అన్నీ విప్పేసి, కడ్డీకి తాడుతో వేలాడదీసిన ఉత్త ఫ్రేము. చూస్తే నిజంగానే అలాగే ఉంది. నాకు నవ్వాగలేదు. “అస్థిపంజరం కాదత్తయ్యా, పాపాయి. నలుగు పెట్టి స్నానం చేయించి కొత్త గౌను తొడుగుతాను,” అన్నాను. “నువ్వు గౌను తొడిగేలోపు నా దుప్పట్లకి కాస్త చోటుంచు,” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కొంచెం ఎక్కువ నవ్వాను. ఈ ఇంటికొచ్చాక నేనెప్పుడూ కొంచెం ఎక్కువే నవ్వుతున్నాను.

చిన్న చిన్నవాటికి పొంగిపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కొత్త సబ్బు కాగితం విప్పితే వచ్చే వాసన, ఆఫీసు లిఫ్టులో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు అద్దం ముందు వెక్కిరింపులు, మా ఆయన షర్టు కాలరు మీద మిగిలిపోయే ఇస్త్రీ వెచ్చదనం. పెళ్ళి ఫోటోల ఆల్బమ్ ఇంకా స్టూడియో వాడి దగ్గరే ఉంది. అంత కొత్త పెళ్ళి మాది. “మా కోడలికి ఏం చూసినా సంబరమే” అని మామయ్య చుట్టాలకి ఫోనులో చెబుతుంటారు. ఆ మాటకీ సంబరపడేదాన్ని.

అది మామూలు సైకిలు కాదు. గిన్నె అంచులా వాలుగా కట్టిన గుండ్రటి ట్రాకు మీద పందేలకి తొక్కేది. దానికి బ్రేకులుండవు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడలు కూడా తిరుగుతూనే ఉంటుంది, కాళ్ళు ఆపుకుని హాయిగా జారిపోయే వీలు లేదు. కాలేజీలో నాకు తొక్కడం నేర్పిన కోచ్‌ని మేం బుల్లెట్ మేడమ్ అనేవాళ్ళం. ఆవిడ వయసులో ఉండగా పందేలు గెలిచిన ఫ్రేము ఇది. “నాకు మోకాళ్ళు పోయాయి, దీనికి పోలేదు. తీసుకుపో,” అని నాకిచ్చేసింది. పెళ్ళికి ముందు మా ఆయనకి ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా చెబితే, “బ్రేకుల్లేవా? అయితే నువ్వు సైకిలు గురించి చెప్పట్లేదు, నీ గురించే చెబుతున్నావు,” అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను.

పెళ్ళయ్యాక మొదటి పుట్టినరోజుకి తను నాకిచ్చిన కానుక ఏమిటో తెలుసా? గరుకు కాగితాలు! బాగా గరుకువాటి నుంచి బుగ్గంత మెత్తటివాటి దాకా అన్ని రకాలూ వరసగా పేర్చి, ఎర్ర రిబ్బను కట్టి ఇచ్చాడు. హాలు మధ్యలో గంతులేశాను. ఆ ఆదివారమే మొదలుపెట్టాను. రంగు ఊడదీసే జిగురులాంటి మందు పూసి కాసేపు ఆగితే, పాత రంగు మీగడలా ముడతలుపడి లేచింది. రేకుతో గీకితే చుట్టలు చుట్టుకుంటూ ఊడివచ్చింది. నలుపు కింద నీలం, నీలం కింద పచ్చ, ఆ కింద చిలకముక్కు రంగు. మేడమ్ పాత ఫోటోల్లో కనిపించే రంగు! కేకేసి అందరినీ పిలిచాను. మామయ్య కళ్ళజోడు సవరించుకుని చూసి, “బాగుందమ్మా. కాఫీ పెడతావా?” అన్నారు.

ఈ పనిలో ఒక్కటే షరతు. రుద్ది రుద్ది ఇనుముని తళతళలాడించాక, ఆ పూటే దాని మీద ప్రైమరు కొట్టేయాలి. అసలు రంగుకి ముందు వేసే బూడిదరంగు పూత అది. అది పడేదాకా ఇనుము ఒంటిమీద బట్టలేనట్టే. ఇప్పుడు వానాకాలం. గాలిలో చెమ్మకే తెల్లారేసరికి తుప్పు పొడి పైకి తేలుతుంది. నూనె రాసి దాచొచ్చుగానీ, ఆ నూనె వదలాలంటే మళ్ళీ రుద్దాలి. అంటే నాకు కావలసింది వాన పడని ఒక్క ఆదివారం మధ్యాహ్నం.

ఆదివారం అందరికీ సెలవు. నాకూ సెలవేనని అందరూ అంటారు. “రోజూ ఆఫీసుకి పరిగెడతావు, ఈ ఒక్కరోజైనా ఇంట్లో హాయిగా ఉండు తల్లీ,” అంటుంది అత్తయ్య, ఆ హాయిని ఒక్కొక్కటిగా నా చేతికందిస్తూ. ముందు వంట, ఆ తర్వాత గిన్నెలు, మామయ్య మందుల డబ్బా సర్దడం, వారానికి సరిపడా ఇస్త్రీ. ఇవన్నీ అయ్యాక బాల్కనీలోకొచ్చి, జడ ముడివేసుకుని, కాగితం నీళ్ళలో ముంచి రుద్దడం మొదలుపెడితే, ఆ చప్పుడుకి నా ప్రాణం లేచివస్తుంది. ట్యూబులు కలిసే చోట ఆకుల్లాంటి చెక్కడపు అంచులున్నాయి. వాటి సందుల్లో చిటికెనవేలుతో రుద్దాలి. అవన్నీ అయి, ఇనుము అద్దంలా మెరుస్తుంటే, గుడ్డతో తుడిచి, ప్రైమరు స్ప్రే డబ్బా గలగలా ఊపుతుంటాను కదా, అప్పుడు లోపలినుంచి పిలుపొస్తుంది.

మొదటిసారి మా ఆయన పిన్నీ వాళ్ళు వచ్చారు. “ఒక్క ఐదు నిమిషాలు, పలకరించి వచ్చేయ్ చిట్టీ,” అన్నాడు తను. వాళ్ళు భోంచేసి వెళ్ళారు. రెండోసారి అత్తయ్యకి తలనొప్పి. మూడోసారి ఎవరూ రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. మా ఆయనకి కాఫీ పొడి డబ్బా కనపడలేదు. కళ్ళెదురుగా ఉన్న డబ్బా చూపించి వచ్చేలోగా వాన మొదలైంది. ప్రతిసారీ తను నా గడ్డం పట్టుకుని ఎంత ముద్దుగా అన్నాడో. “అంత మొహం పెడతావేంటి పిచ్చీ? మళ్ళీ రుద్దుకుందువులే.”

మళ్ళీ రుద్దాను. తుప్పు పట్టినచోట పైపైన రుద్దితే పోదు. గుంట అడుగుదాకా వెళ్ళాలి. అంటే మంచి ఇనుమూ దాంతోపాటు అరుగుతుంది. ఆ ఫ్రేము ట్యూబులు బరువు తగ్గాలని మధ్యలో గుడ్డు పెంకంత పల్చగా చేసినవి. రుద్దిన ప్రతిసారీ నల్లటి నీళ్ళు మోచేతి దాకా కారేవి. మొదట్లో ఆ నీళ్ళు చూస్తే ముచ్చటగా ఉండేది, ఎంత పని చేశానో అని. తర్వాత తర్వాత భయం వేయసాగింది. ఈ పోతున్నదంతా ఫ్రేమే కదా.

ఒక ఆదివారం మరీ పట్టుదలగా చీకటి పడేలోపు మొత్తం తెల్లగా మెరిపించి, డబ్బా అందుకుని నొక్కితే ఏమీ రాలేదు, అందులో గ్యాసు ఎప్పుడో కారిపోయింది. షాపులు మూసేశారు. పోనీ, గాలి పొడిగానే ఉంది, తెల్లారి ఆఫీసుకి వెళ్ళేముందు కొత్త డబ్బా తెచ్చి కొట్టేద్దామనుకున్నాను. పొద్దున్నే డబ్బాతో ఇంట్లో అడుగుపెడితే అత్తయ్య మొహం వెలిగిపోతోంది. “నీ పాపాయికి నేనే స్నానం చేయించేశాను! మాపుగా ఉందని సబ్బు నీళ్ళు పెట్టి శుభ్రంగా కడిగి పెట్టాను చూడు.” చూశాను. నీళ్ళు ఇంకా బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ప్రతి బొట్టు చుట్టూ నారింజ రంగు ఉంగరం.

ఆవిడ ప్రేమగానే చేసింది. నేను మాటవరసకి అన్న స్నానాన్ని నిజం చేసింది. నేను ఏమనాలి? “థాంక్స్ అత్తయ్యా” అని నవ్వాను. ఆ నవ్వు మొహం మీంచి ఎంతకీ దిగిపోలేదు. ఆఫీసుకి వెళ్ళాక కూడా ఉంది. మేనేజరు మీటింగులో కాఫీ ట్రే నావైపు జరిపి, “కొత్త పెళ్ళికూతురి చేత్తో ఇస్తే ఆ రుచే వేరు,” అన్నప్పుడు కూడా ఉంది. “ఏంటమ్మాయ్, సన్నబడిపోతున్నావు? ఏమైనా విశేషమా?” అని పక్క సీటావిడ కన్నుకొట్టినప్పుడూ ఉంది. ఇంటికొచ్చి బాత్రూములో పంపు తిప్పాక అప్పుడు పోయింది. నోట్లో టవలు కుక్కుకుని ఏడ్చాను. ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. నా మొగుడు తిట్టడు, కొట్టడు, పుట్టినరోజుకి రిబ్బను కట్టి కానుకిస్తాడు. అత్తగారు తల్లీ అని తప్ప పిలవదు. అమ్మకి ఫోన్ చేస్తే, “తుప్పు పట్టిందని ఏడుస్తారుటే ఎవరైనా? నీలాంటి కాపురం ఎంతమందికి దొరుకుతుంది!” అని అరగంట నా అదృష్టాన్ని నాకు వివరించింది. పొంగిపోయే జబ్బున్నదాన్ని కదా, దేనికైనా పొంగుదామని ఆ సాయంత్రం ఇల్లంతా వెతికాను. సబ్బు వాసన చూశాను. ఏమీ కాలేదు. అంత భయం నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

ఆ వారం బుల్లెట్ మేడమ్ వచ్చింది. వానలు తగ్గగానే ట్రాకు తెరుస్తారట, పాత విద్యార్థుల జట్టులో నా పేరు రాసుకుందట. ఫ్రేముని ఒళ్ళో పెట్టుకుని, గోరుతో ట్యూబు పొడుగూ తడుతూ చెవి ఆనించి విన్నది. పిల్లల గుండె చూసే డాక్టరులా. “ఎన్నిసార్లు రుద్దావే దీన్ని?” అంది. చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. నా చేతులు తిప్పి గోళ్ళకింద నలుపు చూసింది. “ఇంకొక్కసారి రుద్దు. ఆ రోజే ప్రైమరు పడాలి. పడకపోతే, ఆ తర్వాత దీనిమీద మనిషిని ఎక్కించకు. ట్రాకు వంపులో మధ్యకి విరుగుతుంది. గోడకి తగిలించుకో.”

మా ఆయన ఆ చివరి మాటొక్కటే పట్టుకున్నాడు. టేపు తెచ్చి సోఫా పైన గోడ కొలిచాడు. “అదిరిపోతుంది చిట్టీ! కర్టెన్లకి మ్యాచింగ్ రంగు వేద్దాం. వచ్చినవాళ్ళందరికీ నువ్వు ఎలా తొక్కేదానివో చెప్పొచ్చు.” తొక్కేదానివట. తను పెన్సిల్‌తో గోడమీద చిన్న గుర్తు కూడా పెట్టాడు, ఎంత ఉత్సాహంగానో! నేను ఆ గుర్తు కింద నిలబడలేక బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

ఈ ఆదివారం ఎండ కాసింది. పొద్దున్నే అందరికీ చెప్పాను. “మధ్యాహ్నం నన్ను ఎవరూ పిలవద్దు. ఇల్లు కూలినా సరే.” అందరూ నవ్వి సరేనన్నారు. సాయంత్రం మా ఆయన ఆఫీసు సారూ వాళ్ళావిడా వస్తారని, అప్పటికల్లా తయారైపోతానని మాట కూడా ఇచ్చాను. గుంటలన్నీ మెత్తటి కాగితంతో, పసిపిల్ల ఒళ్ళు రుద్దినట్టు రుద్దాను. మరలుండే చోట్ల రంగు లోపలికి పోకుండా టేపు అంటించాను. తుడిచాను. డబ్బా ఊపాను. ట్యూబు మొదలుకి కాస్త ఇవతల వేలు నొక్కి, చెయ్యి ఒకే వేగంతో నడిపి, చివర దాటాక వదలాలి. మధ్యలో ఆగితే అక్కడ పూత కారి గడ్డకడుతుంది. మొదటి ట్యూబు మీద బూడిదరంగు పరుచుకుంటుంటే, ఎన్నాళ్ళకో కడుపులో ఏదో చిన్నగా గంతువేసింది. పోలేదు. నా జబ్బు నాతోనే ఉంది.

బెల్లు మోగింది.

“అమ్మాయ్, ఎవరో వచ్చారు చూడు!” మామయ్య. ఆయన కూర్చున్న చోటినుంచి చెయ్యి చాపితే గడియ అందుతుంది.

“తల్లీ, తలుపు!” పడకగదిలోంచి అత్తయ్య.

“చిట్టీ, డోర్! సార్ వాళ్ళే అనుకుంటా, ముందే వచ్చేశారు! నేను స్నానంలో ఉన్నా!”

నా కాళ్ళు నన్నడగకుండానే అటు తిరిగాయి. వాటిని చూస్తూ నిలబడ్డాను. నేను రాకముందు ఈ ఇంటి తలుపు ఎవరు తీసేవాళ్ళు? ఇంత చిన్న ప్రశ్న ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదు? బెల్లు మళ్ళీ మోగింది. కాళ్ళని వెనక్కి తిప్పుకున్నాను. వేలు నొక్కాను. రెండో ట్యూబు. బెల్లు ఇంకోసారి మోగింది. చెయ్యి ఆగలేదు. లోపల కుర్చీ కిర్రుమంది, గడియ తీసిన చప్పుడైంది. ఎవరూ చచ్చిపోలేదు. “రండి రండి,” మామయ్య గొంతు. “ఏమనుకోకండి, మా కోడలికి ఒంట్లో బాలేదు.”

కాసేపటికి మా ఆయన వచ్చాడు, తల తుడుచుకోకుండానే. గుసగుసగా, పళ్ళ మధ్యనుంచి మాట్లాడాడు. “ఏంటిది? బెల్లు వినపళ్ళేదా?”

“వినపడింది.”

“వాళ్ళు అక్కడ కూర్చున్నారు. నాన్న వాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వడానికి గ్లాసులు వెతుక్కుంటున్నాడు. ఒక్క ఐదు నిమిషాలు రా. కాఫీ ఇచ్చేసి వచ్చేయ్.”

“ఇంకా వెనక భాగం మిగిలింది.”

“మళ్ళీ రుద్దుకుందువులే!”

“ఇంక రుద్దడానికి ఏం మిగల్లేదు,” అన్నాను. డబ్బా ఊపాను. ఆ గలగలకి హాల్లో మాటలు ఒక్క క్షణం ఆగాయి.

తను నన్ను చూశాడు. ముక్కుకి కట్టుకున్న గుడ్డ, బూడిదరంగు కనురెప్పలు, మోచేతుల దాకా నలుపు. పెళ్ళయ్యాక తను నన్ను అంతసేపు చూడటం అదే మొదటిసారేమో. గోముతనం ఆ మొహంలోంచి మెల్లగా దిగిపోయింది. కింద ఉన్న మొహం నాకు కొత్తది.

“నువ్వింత మొండిదానివని ముందే తెలిస్తే…” అని ఆపేశాడు.

నేను ఆఖరి ట్యూబు అందుకున్నాను. ఇవతలినుంచి మొదలుపెట్టి, చివరిదాకా నడిపి, దాటాక వేలు వదిలాను. ఎక్కడా కారలేదు. డబ్బా కింద పెట్టి, ముక్కుకి ఉన్న గుడ్డ విప్పి, తనవైపు తిరిగాను.

“తెలిస్తే?” అన్నాను. “చెప్పు, వింటాను.”

ప్రైమరు పడ్డాక ఇనుము ఎంతసేపైనా ఆగుతుంది.