రాగి గంగాళంలో ఎరచేపలు

వల పోయిన నాటినుంచి మల్సూర్ కడుపులో మంట ఆరలేదు. పటేల్ ఇంట్లో పెళ్ళికి మూడు రోజులు వెట్టికి చేపలు పట్టి మోశాడు. నాలుగో రోజు జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే రాలేనన్నాడు. అంతే! లక్ష్మీనర్సయ్య పటేల్ మనుషులొచ్చి గుంజకు ఆరేసిన వలను చుట్టచుట్టి ఎత్తుకుపోయారు. అటు ఢిల్లీలో జెండా మారిందంటున్నారు. ఇటు నిజాం సర్కారే, పటేల్ మాటే చట్టం. ఎవరినని అడుగుతాడు?

ఇప్పుడు నల్లగొండ నుంచి ఒక సర్కారు సాబు దిగాడు. వాడపల్లి దగ్గర కృష్ణలో వాలుగ చేపను గాలంతో పడుతుంటే చూడాలని ఆయన ముచ్చట. పటేల్ మల్సూర్‌ను పిలిపించి అన్నాడు: "సాబు ముందల పెద్ద వాలుగను పట్టు. నీ వల నీకిస్త, పో."

పెద్ద వాలుగ కదలని ఎర వంక కన్నెత్తి చూడదు; బతికున్న చిన్న చేపే ఎర కావాలి. కృష్ణ మడుగులో వల లేకుండా చిన్న చేపలు దొరకవు. అందుకని తెల్లవారగానే మల్సూరూ, పెళ్ళాం రుక్కమ్మా ఊరి వాగులోకి దిగారు. తవుడు ముద్ద చల్లి, ఆమె పాత చీరను నీళ్ళ అడుగున పరిచి, వేలెడేసి పరక చేపలు దాని మీదికి చేరగానే నాలుగు కొసలూ ఎత్తారు.

"చెయ్యి పెట్టకే! పొలుసు రాలితే పాణం పోతది."

"నాకు తెల్వదా? నీకంటె ముందుగాల మా అయ్య నేర్పిండు," అంది రుక్కమ్మ.

ఇరవై చేపలను వాగు నీళ్ళతో సహా మట్టికుండలోకి ఒంపి, మూతికి తడిగుడ్డ కట్టారు.

సాబును మడుగుకు తీసుకుపోయే ఎడ్లబండి దగ్గర పటేల్ జీతగాడు బీరయ్య అడ్డం నిలబడ్డాడు. "గీ మసి కుండను సాబు కూసునే బండిల పెడతవా? పటేల్ నా తోలు తీస్తడు. ఇగో, గీ గంగాళంల పొయ్యి."

చింతపండుతో తోమిన రాగి గంగాళం బంగారంలా మెరుస్తోంది.

"రాగిల చేప బతుకదు బీరన్నా!"

"మేం తాగే నీళ్ళు రాగియే. మేం సచ్చినమా?" అన్నాడు పటేల్ వెనకనుంచి. సాబు నవ్వాడు.

మల్సూర్ పళ్ళు కొరుకుతూ ఒంపాడు.

రెండు కోసుల దూరం బండి వెనక నడక. సగం దారిలో తొంగిచూస్తే పదిహేను చేపలు వెల్లకిలా తేలాయి. బండి ఆపమంటే ఆపలేదు. భుజాన తాగడానికి తెచ్చుకున్న సొరకాయ బుర్రలో వాగు నీళ్ళున్నాయి. నడుస్తూనే మిగిలిన అయిదింటినీ దోసిలితో నీళ్ళతోపాటే ఎత్తి అందులోకి జార్చాడు. ఎండ నెత్తికెక్కింది. దప్పికతో నాలుక పిడచగట్టింది. ఒక్క గుక్క తాగలేదు.

మడుగు చేరేసరికి మూడు బతికున్నాయి.

"ఇరవై అన్నవ్, మూడేనాబే? దొంగ ముండకొడకా!" అన్నాడు పటేల్.

మల్సూర్ చేతులు తడుపుకుని, ఒక పరకను పట్టి, వెన్ను ఎముక తగలకుండా వీపు రెక్క కింద గాలం దించాడు. అలా గుచ్చితే చేప ఈదుతుంది. మొదటిది మునగక ముందే చచ్చింది. రెండోదాన్ని ఏదో కొరికి పోయింది. మూడోది ఒక పక్కకు ఒరిగి, తోక కొట్టుకుంటూ లోతుకు పోయింది.

గాలం తాడు బిగుసుకుని గుంజింది. మల్సూర్ నడుములోతు నీళ్ళలోకి దిగి, అరచేతులు కోసుకుపోతుంటే అరగంట పెనుగులాడి, మనిషి పొడవు వాలుగను పక్కకు తెచ్చాడు. సాబు చప్పట్లు కొట్టాడు.

"ఒడ్డుకేయ్!" అరిచాడు పటేల్.

"నా వల ఏది దొరా?"

"వలనా? కోసి ఎడ్ల మూతులకు చిక్కాలు కుట్టిచ్చినం. పీడ పోయింది. చేపనియ్యి."

 ఆ వలను రుక్కమ్మా తనూ రెండేళ్ళు అల్లారు. మల్సూర్ మొల్లోంచి కత్తి తీసి తాడు కోశాడు. వాలుగ ఒక్కసారి వీపు చూపి మునిగిపోయింది.

"ఇగ నువ్వు దిగు దొరా! నీ గంగాళం తీస్కొని దిగు! దిగి పట్టుకో!"

"ఒరే బీరిగా, వాణ్ణి జుట్టు పట్టి గుంజుకరా!" పటేల్ చెప్పులు తడవకుండా ఒడ్డున ఎగిరెగిరి అరుస్తున్నాడు.

బీరయ్య ఎడ్ల పగ్గాలు సవరిస్తూ తల ఎత్తలేదు.