తట్ట ఎత్తే మనిషి

జేసీబీ సొరంగంలోకి దిగిన రోజు నుంచి సంగవ్వకు అన్నం సయించడం లేదు. పొద్దున్నే గుట్ట దగ్గరికి పోయి, తవ్వి పోసిన మట్టి పక్కన చెప్పులు విడిచి కూర్చుంటుంది. మట్టి బయటికి వచ్చినప్పుడల్లా మెడ చాచి చూస్తుంది. లోపల తన మొగుడు ఎంకన్న ఉండాలి. కనీసం అతని ఎముకలన్నా ఉండాలి. దేవుణ్ణి ఆమె అడుగుతున్నది అంతే.

నిజాం కాలంలో రైలు కోసం ఆ గుట్టను తొలిచినప్పుడు కూలికి పోయింది ఈ సరిహద్దు ఊళ్ల వాళ్లే. రాయి పేల్చే మందు అంటుకుని ఒక ఆడకూలీ, నెత్తిన తట్ట ఉండగానే లోపల పోయిందట. అప్పటి నుంచి ఆమె రాళ్ల తట్ట ముందు పెట్టుకుని నిలబడి, ఒంటరిగా వచ్చిన మగవాణ్ణి "అన్నా, జర తట్ట ఎత్తవా?" అని అడుగుతుందని చెప్పుకుంటారు. ఎత్తినవాడు ఆమె వెనకే పోతాడు. చిన్న రైలు నడిచిన రోజుల్లో సొరంగం ముందు కూత పెట్టేది ఆమెను పక్కకు తప్పుకోమనేనని పిల్లలకు చెప్పేవారు.

తర్వాత పెద్ద పట్టాల లైను గుట్టను చుట్టి పోయింది. పాత పట్టాలు పీకేశారు. ఆ ఏటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అవతలి ఊరి అంగడికి పోయొస్తానని ఎంకన్న సొరంగంలోకి నడిచాడు. అంగడిలో అతన్ని ఎవరూ చూడలేదు. ఆ వారమే వానకు సొరంగం నడుమ కూలిపోయింది.

సంగవ్వకు అనుమానం లేదు. ఏ ఆడమనిషి తట్ట ఎత్తమన్నా ఎంకన్న తన నెత్తిమీది మూట దించి మరీ ఎత్తేవాడు. అలాంటివాడు ఆ చీకట్లో అడిగితే మాత్రం కాదంటాడా?

తోడికోడలు రఖమాబాయి ఒప్పుకునేది కాదు.

"గా దయ్యానికి నీ మొగడే దొరికిండా సంగవ్వా? గంత అందగాడా?" అని నవ్వేది. "నాయ్‌గావ్ బస్టాండ్‌ల అరటిపండ్లు తినుకుంట నిలవడ్డడట. పక్కకు ఒక ఆడిమనిషి. దయ్యం పట్టినోడు అరటిపండ్లు తింటడా?"

"నువ్వు చూసినవా అక్కా?"

"నేనెందుకు చూస్త? చూసినోళ్లు చెప్పిండ్రు."

సంగవ్వ దయ్యాన్నే గట్టిగా పట్టుకుంది. తట్ట ఎత్తి పోయినవాడు పెళ్లాన్ని విడిచి పోయినట్టు కాదు. అందుకే గాజులు తీయలేదు, మెట్టెలు తీయలేదు. మొగుడి పేరు కూడా ఎన్నడూ నోటితో అనలేదు. బతికున్నవాడి పేరు పెళ్లాం తీయకూడదు. చచ్చాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పుడు ఆ సొరంగం గుండా రోడ్డు వేస్తున్నారు. జేసీబీ నడిపేది రఖమాబాయి కొడుకు కైలాసే. కూలిన మట్టంతా తీసేసిన రోజు అతను బండి ఆపి ఆమె దగ్గరికి వచ్చాడు.

"చిన్నమ్మా, ఇంటికి పో. ఎండ కొడుతున్నది."

"ఉన్నడా, లేడా?"

కైలాస్ సొరంగం వైపు చూశాడు. సంగవ్వ లేచి లోపలికి తొంగి చూసింది. అవతలి వైపు వెలుతురు. ఆ వెలుతురులో ఎవరో గడ్డి కోసుకుంటున్నారు.

"గింతేనా?" అంది. "గింత చిన్న తొవ్వనా?"

మరునాడు కైలాస్ టవల్‌లో ఒక ఎముక చుట్టుకుని ఇంటికి వచ్చాడు. వెనకాలే వచ్చిన రఖమాబాయి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఈసారి నవ్వలేదు.

"గోడ పొంటి దొరికింది చిన్నమ్మా. చిన్నాయనదే."

సంగవ్వ టవల్ విప్పి, బొటనవేలితో ఎముకను ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా మాంసం కడిగిన చేతులవి.

"గిది మేక కాలు బిడ్డా."

కైలాస్ ముఖం మాడిపోయింది. "చిన్నమ్మా, నేను..."

"మెల్లగ. బయట మంది ఉన్నరు." ఆమె టవల్ మళ్లీ చుట్టేసింది. "గంగకు ఎప్పుడు పోదాం?"

బాబ్లీ దగ్గర, వాళ్లు గంగ అని పిలిచే గోదావరి ఒడ్డున గాజులు పగలగొట్టారు. మెట్టెలు వేళ్లకు పట్టేసి ఎంతకూ రాలేదు. రఖమాబాయి సబ్బు రాసి, ఏడుస్తూ లాగింది.

"పోయినోని పేరు చెప్పి నీళ్లల్ల ఇడువు అవ్వా," అన్నాడు కర్మ చేయించే ముసలాయన.

సంగవ్వ పెదాలు కదిలి ఆగాయి. మళ్లీ కదిలాయి.

"ఎంకన్న," అంది చివరికి, పరాయివాడి పేరు చెప్పినట్టు. మేక ఎముక నీళ్లలో మునిగిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు నాయ్‌గావ్‌లో ఆగింది. రఖమాబాయి నీళ్ల సీసా అందించింది. సంగవ్వ తీసుకోలేదు. బోసి చేతులతో కిటికీ కడ్డీలు పట్టుకుని, అరటిపండ్ల బండి దగ్గర నిలబడ్డ ముసలివాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది.

"ఎవలను చూస్తున్నవే?"

"ఎవ్వల్ని లేదక్కా."

బస్సు కదిలింది. సంగవ్వ మెడ వెనక్కి తిప్పి ఇంకా చూస్తూనే ఉంది.