బ్యాటరీ పీకే పరీక్ష

మా మరిది పెళ్ళాం మా ఆఫీసులోనే చేరిన రోజు నుంచి నాకు కడుపుమంట. ఇందులో దాచుకోవడానికేముంది? ఇంట్లో అత్తగారు "చిన్నది పట్టిందల్లా బంగారమే" అంటే సరేలే అని ఊరుకుంటాను. ఆఫీసులోనూ అదే పాటయితే నేనెక్కడికి పోను?

మేం తయారుచేసేది ఫోన్లలో వాడే యాప్. మనుషుల నంబర్లు, పుట్టినరోజులు, అపాయింట్‌మెంట్లు, చిన్నాచితకా నోట్సు అన్నీ అందులో ఉంటాయి. వాటిని ఫోన్లో ఎలా దాచాలన్నది ఆరేళ్ళ కిందట రాసింది నేను. ఒక్కో మనిషికి ఒక్కో ఫైలు. పాడైతే ఆ ఒక్కటే పాడవుతుంది, మిగతావి భద్రం. కాకపోతే రెండు వేల పేర్లున్న పాత ఫోన్లో ఒక పేరు వెతకాలంటే నాలుగు సెకన్లు పడుతుంది. నాలుగు సెకన్లకే కొంపలు మునిగిపోతాయా?

మునిగిపోతాయట! ఆ మహాతల్లి చేరి మూడు నెలలు కాలేదు, అన్నిటినీ కలిపి ఒకే డేటాబేసులో పెట్టింది. అక్షరం కొట్టేలోపే పేరు కనబడుతోంది. పైగా "నీ ఫైళ్ళు చూసే నేర్చుకున్నా అక్కా" అని నాకు వెన్న రాయడం ఒకటి.

రెండింటిలో ఏది ఉంచాలో తేల్చడానికి మేనేజరు ఒక పరీక్ష పెట్టాడు. పేర్లు సేవ్ అవుతుండగా ఫోను బ్యాటరీ పీకేయాలి. మళ్ళీ పెట్టి, ఎన్ని మిగిలాయో చూడాలి. సీనియర్ని కదా, ఆ పని నాకే అప్పగించాడు. ఓడిపోతే నా ఆరేళ్ళ కష్టం చెత్తబుట్టలోకే.

ఆమె కోడులో ఒక లైనుంది. రాసినదంతా ఫోన్లో పూర్తిగా సేవ్ అయ్యేదాకా ఆగమని చెప్పే లైను. అది లేకుండా మధ్యలో బ్యాటరీ పోతే డేటాబేసు మొత్తం పాడవుతుంది. అది తీసేశాను.

ఇరవై సార్లు బ్యాటరీ పీకాను. నా పద్ధతిలో ఎప్పుడూ ఒక్క పేరుకి మించి పోలేదు. ఆమె డేటాబేసు ఆరోసారికే అసలు తెరుచుకోలేదు.

మర్నాడు మీటింగులో ఫలితాలు చూసి ఆమె మొహం పాలిపోయింది. లాప్‌టాప్‌లో పరీక్షకి వాడిన కోడు తెరిచి కాసేపు వెతికింది.

"తప్పు నాదే సార్. ఆ లైను పెట్టాననే అనుకున్నా, మర్చిపోయినట్టున్నా. అక్కదే వాడండి" అంది.

గెలిచాను! హమ్మయ్య అనుకునేలోపే మేనేజరు అందుకున్నాడు.

"చూశారా? అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలంటే ఎంత గుండె ఉండాలి! ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అన్నాడు. అందరూ తలలూపారు. ఒకాయనైతే చప్పట్లు కూడా కొట్టాడు.

నాకు ఒళ్ళు భగ్గుమంది. గెలిచింది నేను, మెప్పు ఆమెకా? చెయ్యని తప్పుకి కూడా ఆమెకేనా?

"ఆమె ఏమీ మర్చిపోలేదు! తీసేసింది నేను!" అని అరిచేశాను.

నోరు జారాక తెలిసింది ఏమన్నానో. ఆమె లాప్‌టాప్ మూసేసి, తల వంచుకుని కూర్చుంది. మేనేజరు పరీక్షని ఇంకొకరికి అప్పగించాడు. ఆ లైను మళ్ళీ పెట్టి ఇరవై సార్లు పీకితే డేటాబేసు చెక్కుచెదరలేదు. సాయంత్రానికల్లా నా ఫైళ్ళ పద్ధతి తీసేశారు.

తప్పు నేనూ ఒప్పుకున్నాను కదా. నన్ను చూసి నేర్చుకోమని మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు.